జారిన ఎడమ చెయ్యి

చేతిపట్టీలను ఉతికి ఆరేశాక ఉండలా చుట్టిపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. అంటుకునే చివరను ముందుగా చుట్టాలి, బొటనవేలికి తగిలించే ఉచ్చు పైకి రావాలి. తిరగేసి చుడితే మర్నాడు పట్టీ కట్టుకోబోయే పిల్ల దాన్నంతా నేలమీద పరిచి మళ్ళీ మొదటికి రావాల్సిందే. చీమ ఆ మంగళవారం పొద్దున బాక్సింగు రింగు అంచున కూర్చుని, పట్టీలను తొడమీద దొర్లించి చుట్టుకుంటూ మూడో బకెట్టు దగ్గరికి వచ్చింది. నాలుగు నెలల క్రితం ఒక్క బకెట్టు సగం నిండితే గొప్ప.

చీమ అన్నది మాష్టారు పెట్టిన పేరు. నలభై ఎనిమిది కిలోల పిల్ల, ఎంత కొట్టినా కాస్త పక్కకి తప్పుకుని మళ్ళీ అదే దారిన వచ్చేస్తుంటే ఆయన నవ్వుతూ అన్న మాట అలా అతుక్కుపోయింది. ఇప్పుడు పద్నాలుగు నెలల పాపకి తల్లయినా బాక్సింగు గదిలో పెద్దవాళ్ళకి చీమ, చిన్నవాళ్ళకి చీమక్క.

మూడు బకెట్లూ టీవీ కోడలి చలవే. ఆరేళ్ళుగా ఒకే సీరియల్లో కోడలిగా ఏడుస్తున్న నటి ఆమె. ఒకరోజు ఉన్నట్టుండి చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, వేలాడే సంచీని బాదుతూ, ఇన్నాళ్ళూ ఏడ్చింది చాలు అని ఒక వీడియో పెట్టింది. నిజం రింగులో నిజం పోటీకి దిగుతానని చెప్పింది. అంతే, ఆ వారంలోనే పిల్లలు తల్లుల చేతులు పట్టుకుని వచ్చారు. మాష్టారు ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లల్ని పంపమని ఇల్లిల్లూ తిరిగినా తొమ్మిదిమందికి మించి చూడని గదిలో ఇప్పుడు యాభైమంది. గ్లవ్స్ చాలక ఒక జత ఇద్దరు వంతులేసుకుంటున్నారు.

మాష్టారు లోపలికి వచ్చి, నేరుగా ఆమె దగ్గరికి రాకుండా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం తుడిచే పని చీమది. ఆయన గుడ్డ పట్టుకోవడం ఆమె ఇంతకుముందు ఒకే ఒక్కసారి చూసింది. ఆయన భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు.

"శనివారం నీ బౌటు లేదమ్మాయ్," అన్నాడు అద్దంలోకే చూస్తూ.

చీమ చేతిలో ఉండ చుట్టడం ఆగలేదు. 

ఆయన చెప్పుకుపోయాడు. శనివారం కోడలు ఆడే పోటీల కార్యక్రమానికి టీవీవాళ్ళు రెండు గంటలే ఇచ్చారట. అందులో గంటసేపు పాటలు, మాటలు. మిగిలిన దాంట్లో నాలుగు పోటీలకే చోటు. చీమ పోటీ, మిల్లుపిల్లతో ఆడాల్సింది, మొదటే ఎగిరిపోయింది. ఆ పోటీ కోసమే చీమ మూడు వారాల క్రితం పాపకి పాలు మాన్పించింది. ఆ పోటీ కోసమే ఈ నెలంతా సాయంత్రాలు ఉడికిన గుడ్డులో తెల్లసొన తిని పడుకుంది.

బీరువాలో నీలం అట్ట పుస్తకం ఒకటుంది. ప్రతి బాక్సరుకీ ఒకటి ఉంటుంది. ఆడిన ప్రతి పోటీనీ బాక్సింగు సంఘం అధికారి అందులో రాసి ముద్ర వేస్తాడు. రెండేళ్ళపాటు ఒక్క ముద్రా పడకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు. పేరు పోయినవాళ్ళు కొత్తవాళ్ళతో కలిసి మళ్ళీ అడుగునుంచి రావాలి. కొత్తవాళ్ళకి వయసు హద్దు ఉంది, చీమ దాన్ని దాటేసింది. ఆమె పుస్తకంలో చివరి ముద్ర పడి ఇరవై మూడు నెలలు. పాప కడుపున పడ్డ నెలలో పడ్డ ముద్ర అది. ఈ శనివారం తప్పితే ఈ నెలలో ఇంకో పోటీ ఎక్కడా లేదు.

"ఇంకో దారి ఉంది," అన్నాడు మాష్టారు. ఈసారి ఆమె వైపు తిరిగాడు.

టీవీ కోడలితో ఆడాల్సిన, టీవీలో పాటలు పాడే అమ్మాయి మణికట్టు బెణికిందని తప్పుకుంది. ఆ చోటు ఖాళీగా ఉంది. పోటీ నిజం పోటీ అని ఊరంతా చాటారు కాబట్టి కోడలికీ పుస్తకం తీశారు, అధికారి వస్తాడు, ముద్ర పడుతుంది. ఎదురుగా నిలబడేవాళ్ళకీ పడుతుంది. మూడు రౌండ్లు. కాకపోతే, సోమవారం నుంచి ఆమెకి షూటింగు. ముఖం మీద మచ్చ పడకూడదు.

చీమకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. టీవీ కోడలి వీడియోలన్నీ ఈ గదిలో అందరూ చూసినవే. ఆమె ఎడంచేత్తో జాబ్, అంటే సూటిగా పొడిచే దెబ్బ, వేసిన ప్రతిసారీ, ఆ చెయ్యి తిరిగి గడ్డం దగ్గరికి రాకుండా నడుం దాకా జారిపోతుంది. ఎడమ చెంప తలుపులు తీసిన ఇల్లులా ఉంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళు కుడిచెయ్యి ఊరికే చాపితే చాలు.

"ఆ చెయ్యి జారినప్పుడు నువ్వు చూడనట్టు ఉండాలి, అంతే," అన్నాడు. "ఓడిపొమ్మని నిన్నెవరూ అనడం లేదు."

ఇంకా ఏదో అనబోయి, మూడు బకెట్ల వైపు చెయ్యి చూపించాడు.  వాన పడితే కారే మూల ఇప్పుడు కారడం లేదు. ఆ రేకులు కోడలి కార్యక్రమంవాళ్ళు వేయించినవే. ఇద్దరికీ తెలుసు.

"ఈ సంగతి పిల్లలకి తెలియనివ్వకు," అన్నాడు వెళ్తూ.

ఇంట్లో అత్త ఆ కబురు విని మొదట నమ్మలేదు. నమ్మాక పాపని చంకనేసుకుని ఇంట్లోంచి వాకిట్లోకీ, వాకిట్లోంచి ఇంట్లోకీ తిరిగింది. ఆరేళ్ళుగా సాయంత్రం ఏడయ్యేసరికి ఆవిడ ఆ సీరియల్ ముందు కూర్చుంటుంది. ఎదురింటామెతో కొన్నాళ్ళు మాటలు లేకపోవడానికి కారణం కూడా సీరియల్లో తప్పు కోడలిదా అత్తదా అన్న గొడవే. ఈవిడ కోడలి పక్షం. ఆ న్యాయం ఇంట్లోవాళ్ళకి వర్తించదని చీమ మొగుడు నవ్వుతుంటాడు.

"చూడు, మొహం మీద మాత్రం వెయ్యకే. పాపం ఆ పిల్ల ఇప్పటికే చాలా పడింది," అంది అత్త.

"అది సీరియల్లో, అత్తయ్యా."

"ఎందులో అయితేనేం, పడిందా లేదా?"

శీతల గిడ్డంగిలో పనిచేసే మొగుడు షిఫ్టుకి బయల్దేరుతూ, చెప్పులేసుకుంటున్నవాడల్లా ఆగి, ముద్ర పడుతుంది కదా అని ఒక్కటే అడిగాడు. పడుతుందంది. అయితే ఇంకేం అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆమె బరువు చూసుకునే రోజుల్లో తనూ గుడ్లే తిని పడుకునేవాడు. కానీ ఆ ఇంకేం అన్న మాటకి చీమ అతని టిఫిను డబ్బా అందించి పక్కకి తప్పుకుంది.

పాప అత్త చంకలోంచి రెండు చేతులూ చాచింది. చీమ ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే వాసన పట్టి రొమ్ముకోసం వెతుకుతుంది, వెతికితే మూడు వారాల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. పాలు ఇంకా పూర్తిగా ఇంకలేదు. గుడ్డతో బిగించి కట్టుకుంటోంది, రాత్రి ఎటు తిరిగినా నొప్పే. పాప ఏడుస్తుంటే వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

గురువారం మధ్యాహ్నం టీవీ కోడలు గదికి వచ్చింది. ఒక్క గంట, ఇద్దరూ కలిసి రింగులో అలవాటుపడటానికి. వెనకాల ఒక మేనేజరు, కళ్ళద్దాలు తుడిచే గుడ్డ ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో. తలుపులు మూసేసి పిల్లల్ని బయట కూర్చోబెట్టారు. కిటికీకి అతుక్కున్న ముక్కులు లోపలికి కనిపిస్తూనే ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తున ఉన్న ముక్కు బొంగరానిది. ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు. రింగులో ఒకచోట నిలవకుండా గిరగిర తిరుగుతుందని ఆ పేరు పెట్టింది చీమే. ఈ ఆదివారం కాక పై ఆదివారం దాని మొదటి పోటీ.

కోడలు అనుకున్నట్టు లేదు. సీరియల్లో కన్నా పొట్టిగా ఉంది, గొంతు బొంగురు. తన పట్టీలు తనే చుట్టుకుంది, వేళ్ళ సందుల్లోంచి మూడుసార్లు, ఎవరో సరిగ్గానే నేర్పారు. వేళ్ళ గెణుపుల మీద చర్మం లేచిపోయి గట్టిపడింది. అది నాలుగు నెలల నిజం పనికి గుర్తు. చీమ ఆ చేతులు చూసి, తను ఆమెను ద్వేషించడానికి దాచుకున్న దాంట్లో సగం అక్కడే పోగొట్టుకుంది.

మూడేసి నిమిషాలు మెల్లగా ఆడారు. కోడలు ముందుకి అడుగు బాగా వేస్తోంది. జాబ్ కూడా సూటిగానే వస్తోంది. ఆ తర్వాత చెయ్యి జారుతోంది. ప్రతిసారీ. చీమ కుడి భుజం తనంతట తనే కదలబోయి ఆగుతోంది, గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పులు విప్పబోయి ఇది మన ఇల్లు కాదని గుర్తొచ్చినట్టు.

నీళ్ళ కోసం ఆగినప్పుడు కోడలు తాళ్ళకి ఆనుకుని, మేనేజరుకి వినపడకుండా అడిగింది.

"మీరు పదేళ్ళుగా ఆడుతున్నారంట కదా. నా ఎడమ చెయ్యి కిందకి పోతోందని నాకు అనుమానం. మా ట్రైనరేమో అది నా స్టైలు, మార్చొద్దు అంటాడు. నిజం చెప్పండి, మీకెలా ఉంది?"

ఆమె కళ్ళలో నటన ఏమీ లేదు. నిజంగానే అడిగింది. చెప్పడానికి నాలుగు మాటలు చాలు. చెయ్యి ఎక్కణ్ణుంచి వెళ్ళిందో అక్కడికే తిరిగి రావాలి, అంతకన్నా ఏమీ లేదు. పిల్లలకి రోజుకి నలభైసార్లు చెప్పే మాటే.

అద్దం దగ్గర నిలబడ్డ మాష్టారు ఇటే చూస్తున్నాడు. మేనేజరు పొద్దున్నే ఆయనతో చెప్పాడు, ఆమె అసలే భయపడుతోంది, రెండుసార్లు మానేస్తానంది, ఇప్పుడు ఎవరైనా తప్పులు చెప్పి బెదరగొడితే నిజంగానే మానేస్తుంది అని. మానేస్తే పోటీ ఉండదు. పోటీ లేకపోతే ముద్ర లేదు.

చీమ నీళ్ళు పుక్కిలించి బకెట్లో ఉమ్మి, మూతి తుడుచుకుంది.

"మీకు అదే బాగుందండీ," అంది.

కోడలు ముఖం విప్పారింది. ఇద్దరు ఇదే చెప్పారంటే నిజమే అయ్యుంటుంది అంది. ఆ తర్వాత రౌండులో చెయ్యి ఇంకాస్త హాయిగా, ఇంకాస్త కిందకి జారింది. కిటికీ అవతల ఆ ఎత్తు ముక్కు అద్దానికి ఇంకా గట్టిగా అతుక్కుంది.

శనివారం సాయంత్రం హాలు నిండిపోయి, మెట్లమీద కూడా కూర్చున్నారు. ఆడవాళ్ళ బాక్సింగుకి ఇంతమందిని చీమ ఎన్నడూ చూడలేదు. తన పెద్ద పోటీల్లో ఖాళీ కుర్చీలే ఎక్కువ ఉండేవి. బట్టలు మార్చుకునే గదిలో గుడ్డ విప్పి, కొత్త గుడ్డ ఇంకా బిగించి కట్టుకుంది. దానిమీద ఛాతీకి రక్షణ చిప్పలు, దానిమీద చొక్కా. తూకం నలభై ఏడు కిలోల ఎనిమిది వందలు. కోడలు యాభై ఒకటి. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

మొదటి రౌండు చీమకి బాగా గుర్తుంది. ఎందుకంటే అందులో ఆమె ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకుండా ఉండటం అంత పని అని ఆమెకి తెలియదు. జాబ్ వస్తుంది, ఎడమ చెయ్యి జారుతుంది, చెంప తెరుచుకుంటుంది, చీమ కుడిచెయ్యి భుజంలోనే ఆగిపోతుంది. బదులుగా పొట్ట వైపు మెల్లగా ఒకటి తగిలిస్తుంది, శబ్దం మాత్రం వచ్చేలా. పదేళ్ళుగా కంటికీ చేతికీ మధ్య తను తొక్కి తొక్కి వేసుకున్న దారికి తనే అడ్డంగా నిలబడినట్టుంది.

రెండో రౌండులో కోడలు బెదురు వదిలి మీదకొచ్చింది. ఎడమ చెయ్యి జార్చి, కుడిచేత్తో విసురుగా ఒకటి వేసింది. అది చీమ ఛాతీ మీద, రక్షణ చిప్ప అంచున పడింది. ఊపిరి ఆగింది. మరుక్షణం గుడ్డ లోపల వెచ్చగా తడిసింది. పాలు. మూడు వారాలుగా పాపకి లేవని చెప్పిన పాలు. ఆ తడి చొక్కా దాకా వచ్చిందేమోనని చూసుకోబోయి చీమ తల వంచింది. రెండోది చెవి పక్కన తగిలింది. హాలంతా లేచి నిలబడింది.

మూడో రౌండులో ఆమె మోచేతులు ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, గంట ఎప్పుడు మోగుతుందా అని ఆడింది. ఓడిపొమ్మని నిజంగానే ఎవరూ అనలేదు.

కోడలి చెయ్యి పైకెత్తారు. కోడలు నిజం కన్నీళ్ళు పెట్టుకుంది. చీమని కౌగిలించుకుని, చాలా థాంక్స్ అని చెవిలో అంది. తలమీద వేలాడే పెద్ద తెరమీద ఆ రెండో రౌండు నెమ్మదిగా తిప్పి తిప్పి చూపించారు. జాబ్, నడుం దాకా జారిన ఎడమ చెయ్యి, విసురుగా వచ్చిన కుడి దెబ్బ, వంగిన చీమ తల. వ్యాఖ్యానం చెప్పే ఆయన మైకులో ఆ చేతిని ఉయ్యాల అన్నాడు. కోడలి ఉయ్యాల. ముందు వరసలో కూర్చున్న బాక్సింగు గది పిల్లలంతా ఆ మాటనే అరిచారు.

అధికారి మంచివాడు. పుస్తకంలో అన్ని గళ్ళూ శ్రద్ధగా నింపాడు. తేదీ, తూకం, రౌండ్లు, ఫలితం గడిలో ఓటమి. ముద్ర నొక్కి, సిరా ఆరేదాకా ఊదాడు. పిల్లతల్లివి అయి కూడా వచ్చావు, జాబితాలో నీ పేరు ఎక్కడికీ పోదు అన్నాడు. చీమ ఆయనకి దండం పెట్టింది. కోరుకున్నది చేతిలో ఉంది. అది బరువుగా కూడా లేదు.

ఇంట్లో అత్త, నా మాట నిలబెట్టావే అని మొదటిసారి ఆమెకి తనే భోజనం వడ్డించింది.

సోమవారం గది తలుపు తీసేసరికి వాకిట్లో ఇంకా కొత్త తల్లులు నిలబడి ఉన్నారు. లోపల అద్దం ముందు పిల్లలు వరసగా జాబ్ వేస్తున్నారు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. అన్ని ఎడమ చేతులూ ఒక్కసారిగా బయటికి వెళ్ళి, ఒక్కసారిగా నడుం దాకా జారుతున్నాయి. ఒకే కొలతకి కుట్టించిన చొక్కాల్లా. చీమ గుమ్మంలోనే నిలబడిపోయింది.

గార్డు, గార్డు అంటూ వరస పొడుగునా నడిచి ఒక్కొక్క చెయ్యీ పట్టుకుని గడ్డం దగ్గర పెట్టింది. ఆమె వరస చివరికి వెళ్ళేసరికి మొదటివి మళ్ళీ దిగిపోయాయి. ఒక చిన్నది, ఇది ఉయ్యాల అక్కా, నీకు తెలీదా, నీకే కదా తగిలింది అంది. అందరూ నవ్వారు. వెక్కిరింతగా కాదు, ముద్దుగానే నవ్వారు. ఓడిపోయిన అక్క మీద వాళ్ళకి జాలి ఉంది. ఆ పొద్దున ఎవరో ఆమె కోసం బిస్కెట్లు కూడా తెచ్చి బీరువా మీద పెట్టారు.

మాష్టారికి చెప్పింది. ఆయన వరస వైపు చూసి, నాలుగు రోజులు పోతే వాళ్ళే మానేస్తారులే అన్నాడు. అన్నాడే గాని ఆ మాటని తనే నమ్మినట్టు లేడు. కోడలు కొత్తగా ఇంకో శిక్షణ గది పెడుతోందట, ఆదివారం ప్రారంభం, ఆయన్ని పెద్దమనిషిగా కూర్చోబెడతారట. ఆ రోజు బొంగరం పోటీకి నువ్వే వెళ్ళాలి అన్నాడు.

బొంగరాన్ని చీమ విడిగా పట్టుకుంది. రోజూ అందరూ వెళ్ళాక దెబ్బలు కాచే ప్యాడ్లు చేతులకి తొడుక్కుని నిలబడేది. జాబ్ వచ్చిన ప్రతిసారీ, చెయ్యి జారితే ప్యాడుతో దాని చెంప మీద మెత్తగా తట్టేది. మంగళవారం యాభైసార్లు తట్టింది. బుధవారం ముప్పై. గురువారం, ప్యాడ్ల ముందు చెయ్యి నిలబడింది. చీమ ఊపిరి పీల్చుకుంది. శుక్రవారం ఇంకో పిల్లతో రింగులోకి దింపితే, మొదటి జాబ్‌కే చెయ్యి ఉయ్యాలూగింది. ఎదురుగా ఉన్నది కూడా ఈ గది పిల్లే, ఆ చెంప మీద ఎలా కొట్టాలో దానికీ తెలియదు. ఇద్దరూ చేతులు జార్చుకుని ఒకరి పొట్టలో ఒకరు పొడుచుకుంటూ మూడు నిమిషాలు గడిపారు.

చీమ బొంగరాన్ని రింగు అంచున కూర్చోబెట్టి, దాని పక్కన కూర్చుంది. పట్టీలు విప్పుతూ మెల్లగా చెప్పింది. చెప్పొద్దన్న మాటే చెప్పింది.

"నేను కొట్టలేదే. అందుకే ఆమెకి ఏమీ కాలేదు. ఆ చెయ్యి జారిన ప్రతిసారీ నేను కొట్టగలను. కొట్టొద్దన్నారు."

బొంగరం ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో అబద్ధమాడావన్న నింద లేదు, అంతకన్నా కష్టమైనదేదో ఉంది. గదిలో గోడమీద మాష్టారు ఎర్రరంగుతో రాయించిన నియమాలు నాలుగున్నాయి. మూడోది, ఓడినవాళ్ళు సాకులు చెప్పరాదు. కొత్త పిల్లలు వచ్చిన మొదటిరోజే అవి గట్టిగా చదవాలి. చదివించేది చీమే.

"పోనీలే అక్కా," అంది బొంగరం, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి. "అందరూ ఓడతారు."

చీమ గోడవైపు చూడలేదు. చేతిలో ఉన్న పట్టీని చుట్టడం మొదలుపెట్టింది. సగం అయ్యాక చూస్తే ఉచ్చు లోపలికి పోయింది. విప్పి మళ్ళీ చుట్టింది.

ఆదివారం పిల్లల పోటీలు ఒక బడి హాల్లో జరిగాయి. తెరలు లేవు, పాటలు లేవు. గోడలకి ఆనించిన బల్లలు, మధ్యలో తాత్కాలికంగా కట్టిన రింగు, కుర్చీల్లో తల్లిదండ్రులు. చీమ పాపని కూడా తీసుకొచ్చింది. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. కోడలి వల్ల ఆవిడకీ ఈ ఆటమీద మక్కువ కలిగింది. పాప పిడికిలి బిగించి గాల్లో ఆడిస్తుంటే ముందు కుర్చీవాళ్ళకి చూపించి మురిసిపోతోంది.

తరగతి గదిలో చిన్న బల్లమీద కూర్చుని బొంగరం చేతులు చాపింది. చీమ పట్టీలు చుట్టింది. మణికట్టుకి మూడు, అరచేతికి మూడు, వేళ్ళ సందుల్లో ఒక్కొక్కటీ. పిడికిలి బిగించమంది. బిగించింది. నొప్పిగా ఉందా అంది. లేదంది. చెయ్యి ఎక్కడికి రావాలి అని అడిగింది. గడ్డం దగ్గరికి, అని వెంటనే చెప్పింది బొంగరం, లెక్కల పాఠం అప్పజెప్పినట్టు. నాకు భయం లేదక్కా అని కూడా అంది.

అవతలి పిల్లని చీమ అప్పుడే చూసింది. బూడిదరంగు చొక్కా, సన్నటి కాళ్ళు, తలకి నూనె రాసి గట్టిగా జడ వేసుకుంది. గోడవైపు తిరిగి తనలో తను ఆడుకుంటోంది. ఎదుటిది జాబ్ వేసినట్టు ఊహించుకుని, కాస్త ఆగి, కుడిచెయ్యి సూటిగా పంపుతోంది. ఆగి, పంపుతోంది. చెయ్యి ఎక్కణ్ణుంచి వెళ్ళిందో అక్కడికే తిరిగి వస్తోంది. ఆ పిల్ల నాన్నే కోచ్ అట. అతను తువ్వాలు మడతపెడుతున్నాడు. టీవీ ఉందో లేదో తెలియని ఇంటివాళ్ళలా ఉన్నారు.

చీమ కాళ్ళు తనని అటు నడిపించాయి. అతని ముందు నిలబడ్డాక గాని తను ఏం అడగడానికి వచ్చిందో ఆమెకి తెలియలేదు. మా పిల్ల ఎడమ చెయ్యి జారుతుంది. ఆ చెయ్యి జారినప్పుడు మీ పిల్ల చూడనట్టు ఉంటే. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను మర్యాదగా తలెత్తి, ఏమ్మా, ఏం కావాలి అన్నాడు.

 వాజలీను ఉంటే కాస్త ఇస్తారా అని అడిగింది. అతను డబ్బా తీసి మూత విప్పి ఇచ్చాడు. రెండు వేళ్ళకి రాసుకుని, కృతజ్ఞతగా నవ్వి వెనక్కి వచ్చింది. తన జేబులో తన డబ్బా తొడకి గుచ్చుకుంటూనే ఉంది. ఆ వాజలీనే, దెబ్బ జారిపోయేలా, బొంగరం ఎడమ చెంపకి మందంగా రాసింది. కుడివైపుకి మిగల్లేదు.

రింగు మెట్ల దగ్గర బకెట్టు, స్పాంజీ, నీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుంది. ఈ చోటునుంచి పోటీ చూడటం ఆమెకి కొత్త. ఇక్కడ చేతులు ఉంటాయి గాని పనికిరావు. అరవకూడదని నియమం. అరిస్తే పిల్లకే హెచ్చరిక పడుతుంది. తాళ్ళ సందులోంచి బొంగరం వెనక్కి తిరిగి చూసి, పళ్ళకి పెట్టిన రబ్బరు కనపడేలా నవ్వింది.

గంట మోగింది.

బొంగరం గిరగిర తిరుగుతూ వెళ్ళింది. బూడిదరంగు పిల్ల మధ్యలోనే నిలబడి, పాదాలు కదపకుండా, దానితోపాటు తల మాత్రం తిప్పుతోంది. కాస్త దూరంగా ఒకటి, కాస్త దగ్గరగా ఒకటి, రెండు జాబ్‌లు గాలికి పోయాయి. రెండుసార్లూ చెయ్యి గడ్డం దాకా తిరిగి వచ్చింది. చీమ పెదాలు కదులుతున్నాయి. అక్కడే, అక్కడే, అక్కడే. వెనక వరసలో పాప ఎందుకో గట్టిగా నవ్వింది.

మూడో జాబ్ తగిలింది. బూడిదరంగు పిల్ల నుదుటి మీద టప్పుమని శబ్దం వచ్చింది. గది పిల్లలు నలుగురు వచ్చారు చూడటానికి. వాళ్ళు లేచి ఉయ్యాల, ఉయ్యాల అని అరిచారు. బొంగరం చెవిన ఆ మాట పడింది. చీమకి అది దాని వీపు చూస్తేనే తెలిసింది. భుజాలు వదులయ్యాయి, నడుం కాస్త ఊగింది.

నాలుగో జాబ్ వెళ్ళింది. వెనక్కి వస్తూ గడ్డం దాకా వచ్చింది. అక్కడ ఆగలేదు. హాయిగా, అందంగా, నడుం దాకా జారింది.

చీమ చేతిలో స్పాంజీ పిండుకుపోయి, చల్లటి నీళ్ళు పాదం మీద పడ్డాయి. బూడిదరంగు పిల్ల కుడి భుజం కదిలింది. దాన్ని ఆపమని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.